యంత్రానికి యోగక్షేమాలు

తెలుగువారు ఎదురుపడినప్పుడు అడిగే ‘యోగక్షేమాలు’ అన్న మాట నేడు కుశలప్రశ్నగా మాత్రమే వినిపిస్తున్నప్పటికీ, దానిలో రెండు వేర్వేరు భావాలు జంటగా ఇమిడి ఉన్నాయి. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు తన భక్తుల యోగక్షేమాలను తానే వహిస్తానని చెప్పే శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు, యోగమంటే లేనిదాన్ని పొందడమనీ, క్షేమమంటే పొందినదాన్ని కాపాడుకోవడమనీ విడదీసి వివరించారు. వస్తువుల విలువను గురించి తత్త్వశాస్త్రంలోనూ అర్థశాస్త్రంలోనూ జరిగిన చర్చలో అధికభాగం ఈ రెంటిలో మొదటిదాని చుట్టూనే తిరిగింది. ఒక వస్తువుకు ఎంత ఇవ్వవచ్చు, ఎందుకు ఇవ్వవచ్చు అన్నదే అక్కడి ప్రశ్న. పొందిన తర్వాత ఆ వస్తువుతో మనిషి గడిపే ఏళ్లలో దాని విలువ ఏమవుతుంది, ఆ విలువ వస్తువులో ఉంటుందా, మనిషి మనసులో ఉంటుందా, లేక రెంటి నడుమ ఏర్పడే సంబంధంలో ఉంటుందా అన్న రెండో ప్రశ్నకు దక్కిన శ్రద్ధ చాలా తక్కువ.

ఈ రెండో ప్రశ్నను పరీక్షించి చూడటానికి అమెరికాలోనూ జర్మనీలోనూ తయారయ్యే విలాసవంతమైన పెర్ఫార్మెన్స్ సెడాన్ల పోలిక అనువైన రంగం. సెడాన్ అంటే నాలుగు తలుపులూ, వెనుక విడిగా డిక్కీ ఉన్న మామూలు కుటుంబపు కారు. పెర్ఫార్మెన్స్ సెడాన్ అంటే ఆ ఆకారాన్ని అలాగే ఉంచి, లోపల పందెపు కార్లకు తగిన ఇంజను, బ్రేకులు, సస్పెన్షన్ అమర్చిన కారు. ఇంటినుంచి ఆఫీసుకు వెళ్లడానికి ఎవరికీ 600 అశ్వశక్తి అవసరం లేదు కనుక, ఈ కార్ల విషయంలో అవసరం అన్న సమాధానం మొదటే పక్కకు తప్పుకుంటుంది. అవసరం తప్పుకున్న చోట విలువ అన్నది ఏ ఆధారం మీద నిలబడుతుందో చూడటం సులువవుతుంది.

ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785లో వెలువరించిన నీతిశాస్త్ర గ్రంథంలో, లోకంలో ఉన్నదానికల్లా మూల్యమైనా ఉంటుంది, మహిమ అయినా ఉంటుందని ప్రతిపాదించాడు; దేని స్థానంలో దానికి సమానమైన మరొకదాన్ని పెట్టవచ్చునో దానికి మూల్యం ఉంటుంది, దేనికి సాటి మరొకటి లేదో దానికి మహిమ ఉంటుంది. మూల్యాన్ని ఆయన మళ్లీ రెండుగా చీల్చాడు. మనుషుల అవసరాలను తీర్చేదానికి ఉండేది విపణి మూల్యం. ఏ అవసరాన్నీ తీర్చకపోయినా అభిరుచికి ఆనందాన్నిచ్చేదానికి ఉండేది అనురాగ మూల్యం. విపణి మూల్యం లెక్కన చూస్తే ఈ పోలిక మొదలుకాకముందే ముగిసిపోతుంది. 2022 మోడల్‌గా వచ్చిన కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ 6.2 లీటర్ల ఇంజనుతో 668 అశ్వశక్తినిచ్చి, ప్రారంభ ధరలో దాదాపు 84 వేల డాలర్లకు దొరికింది. ఆ సంవత్సరాల్లోనే బి.ఎం.డబ్ల్యు. ఎం5 దాదాపు 600 అశ్వశక్తితో లక్ష డాలర్లు దాటిన ధరకు అమ్ముడయింది. ఎక్కువ శక్తి, తక్కువ ధర. అయినా కొనుగోలుదారులు ఈ ప్రశ్నను అంతటితో ముగించలేదు, జర్మన్ కారుకు అదనంగా ఇవ్వడానికి వెనుకాడలేదు.

దీనిని ఆడంబరంగా మాత్రమే వివరించడం తేలిక. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త థార్‌స్టైన్ వెబ్లెన్ 1899లోనే, సంపన్నులు వస్తువులను వాటి ఉపయోగం కోసం కాక తమ స్థాయిని చాటుకోవడం కోసం కొంటారని వాదించాడు. తెలుగునాట ‘బెంజి కారు’ అన్నది కారు పేరుగా కన్నా ఐశ్వర్యానికి పర్యాయపదంగా వాడుకలో స్థిరపడిపోయింది. ఒకప్పుడు ఆ స్థానంలో అమెరికన్ కారు ఇంపాలా ఉండేదని పాత తరానికి గుర్తుంటుంది. కానీ వెబ్లెన్ వివరణ పూర్తి సత్యం కాదు. ఆడంబరమే అంతా అయితే బయటికి మామూలు కారులా కనిపించే పెర్ఫార్మెన్స్ సెడాన్‌ను ఎవరూ ఎంచుకోరు, ఎందుకంటే వీధిలో వెళ్లే వందమందిలో తొంభై మందికి అది ఏ కారో తెలియదు. జర్మన్ కారు పట్ల ఉన్న అనురాగానికి మరింత లోతైన కారణం ఉంది, దానికోసం ఆ కారు పుట్టిన దారిని చూడాలి.

అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక వస్తువు శ్రేష్ఠత దాని ధర్మాన్ని బట్టి, అంటే అది చేయవలసిన పనిని బట్టి నిర్ణయమవుతుంది. కోయడం కత్తి ధర్మం కనుక బాగా కోసే కత్తి శ్రేష్ఠమైన కత్తి. జర్మన్ సెడాన్ ధర్మాన్ని నిర్ణయించినది ఆ దేశపు ఆటోబాన్, అంటే వేగవంతమైన జాతీయ రహదారి. ఆ రహదారుల నిడివిలో దాదాపు 70 శాతం మీద నేటికీ శాశ్వతమైన వేగపరిమితి లేదు. గంటకు 130 కిలోమీటర్లన్నది కేవలం సలహా. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో గంటసేపు సాగినా ఇంజను వేడెక్కకూడదు, ఎదురుగా లారీ అడ్డువస్తే బ్రేకులు పట్టాలి, ఆ సమయంలో వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడకూడదు. 1985లో వచ్చిన మొదటి ఎం5లో పందెపు కారుకు దగ్గరి బంధువైన ఎం1 కారు ఇంజను నుంచి వచ్చిన ఆరు సిలిండర్ల, 286 అశ్వశక్తి ఇంజనును మామూలు ఐదో శ్రేణి సెడాన్‌లో చేతితో అమర్చారు. 1990లో వచ్చిన మెర్సిడెస్ 500 ఈ తయారీలో పోర్షే సంస్థ భాగం పంచుకుంది, కార్లు రెండు కర్మాగారాల మధ్య అటూ ఇటూ ప్రయాణించి రూపుదిద్దుకున్నాయి. 1967లో ఇద్దరు ఇంజనీర్లు స్థాపించిన ఏఎంజీ, తరువాత మెర్సిడెస్‌లో భాగమై, ఒక ఇంజనును ఒకే మనిషి మొదటినుంచి చివరిదాకా అమర్చి దానిమీద తన సంతకమున్న పలకను బిగించే పద్ధతిని పెంచిపోషించింది. ఇవన్నీ ప్రదర్శన కోసం చేసినవి కావు. ధర్మం కఠినమైనది కనుక దానికి తగిన నిష్ఠతో చేసినవి. జర్మన్ సెడాన్‌ను ప్రేమించేవారు ఆ నిష్ఠనే ప్రేమిస్తారు, ఆ ప్రేమకు తగిన ఆధారం ఉంది.

అయితే ధర్మానికి క్షేత్రం ఉంటుంది, క్షేత్రం మారితే ధర్మం మారుతుంది. ఈ కార్లకు అతిపెద్ద విపణుల్లో ఒకటైన అమెరికాలో 1974 నుంచి 1995 వరకు కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్ల పరిమితిని విధించింది. 1987లో గ్రామీణ రహదారులపై దాన్ని 65 మైళ్లకు సడలించింది. ఆటోబాన్ కోసం పుట్టిన శ్రేష్ఠత ఆ పరిమితిలో వ్యక్తం కావడానికి అవకాశమే లేకపోయింది. ఇంకొక క్షేత్రభేదం అంతకన్నా ముఖ్యమైనది. జర్మనీలో కారు కొత్తగా రోడ్డెక్కిన మూడేళ్లకు ఒకసారి, ఆపైన రెండేళ్లకొకసారి సాంకేతిక తనిఖీ జరిగి తీరాలి, బ్రేకు గొట్టం తుప్పుపట్టినా రోడ్డెక్కనివ్వరు. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి, కార్ల పుట్టిల్లయిన మిషిగన్‌లో నిర్ణీత కాలానికొక తనిఖీ అన్నదే లేదు. జర్మన్ కారు నిష్ఠలో సగం కారులో ఉంటే, మిగతా సగం దాన్ని చుట్టుకుని ఉన్న సమాజపు క్రమశిక్షణలో ఉంది. కారును ఓడలో ఎక్కించి మరో దేశానికి పంపవచ్చు గాని ఆ క్రమశిక్షణను పంపలేరు. పరదేశంలో ఆ రెండో సగం భారం ఎవరి మీద పడుతుందంటే, యజమాని మీద.

అమెరికన్ వైపు కథ అంతకన్నా వింతైనది, తాత్త్వికంగా అంతకన్నా లోతైనది. 1902లో డెట్రాయిట్‌లో మొదలైన కాడిలాక్ సంస్థను నడిపిన హెన్రీ లీలండ్ ఆయుధ కర్మాగారాల్లోనూ, కొలమాన పనిముట్లు తయారుచేసే బ్రౌన్ అండ్ షార్ప్‌లోనూ పనిచేసి, అంగుళంలో వెయ్యో వంతు తేడాను కూడా క్షమించకూడదని నేర్చుకున్న మనిషి. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు మైదానంలో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో మూడు కాడిలాక్ కార్లను మరలు, బోల్టుల దాకా విప్పేశారు. ఆ భాగాలన్నింటినీ ఒకే కుప్పగా కలిపేసి, కొన్నింటిని తీసేసి వాటి స్థానంలో దుకాణంలో నిల్వ ఉన్న విడిభాగాలను వేసి, సాధారణ పనిముట్లతో మళ్లీ మూడు కార్లుగా అమర్చి, 500 మైళ్లు నడిపారు. మూడూ నడిచాయి. ఆనాటి యూరప్ కార్లలో ఒకదాని భాగాన్ని మరొకదానిలో అమర్చాలంటే ఆకురాయి పట్టుకుని కూర్చోవలసిందే. ప్రతి కారూ ఒక్కొక్క శిల్పం. ఆ పరీక్ష ఫలితంగా కాడిలాక్‌కు డ్యూవార్ ట్రోఫీ లభించింది.

విడిభాగాల పరస్పర మార్పిడి అని పిలిచే ఈ సూత్రం పరిశ్రమల చరిత్రలో ఒక మలుపుగా మాత్రమే గుర్తింపు పొందింది గాని, బౌద్ధ దర్శనం చదివినవారికి అది వెంటనే మరో సంభాషణను గుర్తుచేస్తుంది. మిళింద పన్హలో నాగసేనుడు యవనరాజు మిళిందుణ్ణి, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటిగా అడిగి, ఏ ఒక్కటీ రథం కాదనీ, అవన్నీ ఒక తీరుగా కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమనీ ఒప్పిస్తాడు. బ్రూక్‌లాండ్స్ మైదానంలో ఆ ఉపమానం ఇనుముతో నిరూపణ అయింది. తనకంటూ విడదీయరాని స్వభావం లేని వస్తువును చూసి బౌద్ధుడు అనాసక్తిని నేర్చుకుంటాడు. లీలండ్ దానినుంచి నేర్చుకున్నది మరొకటి, అదే క్షేమానికి మూలసూత్రం. ఏ భాగమూ అద్వితీయం కాకపోతే ఏ భాగం చెడినా కారు చావదు. కాంట్ మాటల్లో చెబితే, ఒక్కొక్క భాగానికీ మహిమ లేకుండా చేసి మూల్యం మాత్రమే ఉంచడం వల్ల మొత్తం కారు యజమాని చేతిలో ఎక్కువకాలం బతుకుతుంది.

ఈ సూత్రాన్ని కాడిలాక్ తానే మరచిపోయిన కాలం ఉంది. 1990ల ఆరంభంలో జర్మన్, జపాన్ కార్ల పోటీని ఎదుర్కోవడానికి అది నార్త్‌స్టార్ పేరుతో నాలుగు క్యామ్‌షాఫ్టులు, 32 వాల్వులు ఉన్న సంక్లిష్టమైన అల్యూమినియం ఇంజనును తెచ్చింది. చూడటానికి నవీనమైనది, నడిపితే మృదువైనది. కానీ దాని సిలిండర్ హెడ్డు బోల్టులు పట్టు వదిలి, హెడ్ గాస్కెట్ చెడిపోవడం వయసు మీరిన ఆ కార్లకు తెలిసిన జబ్బు అయింది, మరమ్మతు ఖర్చు కొన్నిసార్లు కారు ధరనే మించిపోయేది. 2004 మోడల్‌గా వచ్చిన మొదటి సీటీఎస్-వీలో కాడిలాక్ నార్త్‌స్టార్‌ను పక్కనపెట్టి, కార్వెట్ స్పోర్ట్స్ కారులోని 5.7 లీటర్ల ఎల్ఎస్6 ఇంజనును 400 అశ్వశక్తితో అమర్చింది. ఇది 1955లో షెవ్రోలె మొదలుపెట్టిన వంశంలోని ఇంజను. సిలిండర్ల నడుమ ఒకే ఒక్క క్యామ్‌షాఫ్టు తిరుగుతూ, పుష్‌రాడ్ అనే సన్నని కడ్డీల ద్వారా వాల్వులను తెరుస్తుంది, సిలిండరుకు రెండే వాల్వులు. యూరప్ ఇంజనీర్లు పాతబడిందని వదిలేసిన పద్ధతి అది. కానీ అది చిన్నదిగా ఇముడుతుంది, ఒత్తిడి తక్కువ, దాని బంధువులు లక్షల పికప్ ట్రక్కులలో తిరుగుతుంటాయి కనుక దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. ఆ మొదటి కారు లోపలి ప్లాస్టిక్కులు దాని ధరకు తగినవి కావన్నది న్యాయమైన విమర్శే. వెనుక డిఫరెన్షియల్ బలహీనత కూడా నిజమే. కానీ ఎంచుకున్న దిశ సరైనది. రెండో తరం సీటీఎస్-వీ 2008లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ పందెపు దారిని 8 నిమిషాల లోపే చుట్టివచ్చింది. శ్రేష్ఠతకు కొలబద్దను జర్మనీనుంచి తీసుకుని, కాపాడుకునే విద్యను తన ఇంట్లోంచే తీసుకున్న కారు అది; ఈ రెంటి కలయికే నేటి బ్లాక్‌వింగ్ వరకు కొనసాగింది.

దానికి ఎదురుగా బి.ఎం.డబ్ల్యు. 2005లో ఎం5లో అమర్చిన 5 లీటర్ల, పది సిలిండర్ల ఇంజనును ఉంచితే తేడా స్పష్టమవుతుంది. 507 అశ్వశక్తినిస్తూ నిమిషానికి 8,000 చుట్లు దాటి తిరిగే ఆ ఇంజను వంటిదాన్ని మరే సెడాన్‌లోనూ వినలేమన్నది నిష్పక్షపాతులైన విమర్శకులు కూడా ఒప్పుకునే మాట. ఆ ఇంజనులోని కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరుగుతాయన్నదీ అంతే ప్రసిద్ధం. అవి చెడకముందే ముందుజాగ్రత్తగా మార్పించుకోవడం ఆ కారును ఉంచుకున్నవారిలో ఆనవాయితీ అయిపోయింది. ఆ తరువాత 2011 నుంచి వచ్చిన 4.4 లీటర్ల ఎం5 ఇంజనులో టర్బోచార్జర్లను సిలిండర్ల రెండు వరుసల నడుమ లోయలో అమర్చారు. దీనివల్ల స్పందన చురుకుగా ఉంటుంది, కానీ ఎర్రగా కాగే టర్బోల వేడి అంతా ఇంజను నడిబొడ్డునే నిలిచి, దగ్గరున్న రబ్బరు గొట్టాలను, ప్లాస్టిక్ బిగింపులను ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుగా మారుస్తుంది. ఇవి అజాగ్రత్త వల్ల వచ్చిన లోపాలు కావు. యోగాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లడానికి క్షేమం చెల్లించిన ధర.

ఆ ధరను ఎవరు చెల్లిస్తారన్నదే ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. అమెరికాలో కొత్త జర్మన్ విలాస కార్లలో పెద్ద భాగం లీజు మీద, అంటే మూడేళ్ల అద్దె ఒప్పందం మీద వెళతాయి, బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్ అక్కడ ఇచ్చే సాధారణ వారంటీ 4 సంవత్సరాలు లేదా 50 వేల మైళ్లు. మొదటి వ్యక్తి కారును దాని యౌవనంలో అనుభవించి, వారంటీ ముగియకముందే తిరిగి ఇచ్చేస్తాడు. అతనికి జర్మన్ కారు మచ్చలేని ఆనందమే, అతని సాక్ష్యం అబద్ధం కాదు. కానీ కచ్చితంగా చెప్పాలంటే అతడు యజమాని కాదు, అతిథి. అసలు యజమాని రెండోవాడు. కారు ధర సగానికి పడిపోయినప్పుడు, కొత్తగా కొనే స్తోమత లేకపోయినా ఆ నిష్ఠను ప్రేమించి, కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత ఈ ఏనుగుకు వర్తించదు. కొన్న ధర పడిపోతుంది గాని, మేత ధర లక్ష డాలర్ల కారుకు తగినట్టే నిలిచి ఉంటుంది.

ఆర్థికవేత్త జార్జి ఏకర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల విపణిని ఉదాహరణగా తీసుకుని, అమ్మేవాడికి కారు గుణదోషాలు తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు మంచి కార్లు విపణినుంచి తప్పుకుని చెడ్డవి మిగులుతాయని నిరూపించాడు. ఈ రకమైన సమాచార అసమానతపై చేసిన కృషికి ఆయనకు 2001లో నోబెల్ బహుమతి దక్కింది. ఆయన చూపిన అసమానత అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్యది. అంతకు వెనుక మరొకటి ఉంది, అది తయారీదారుకూ రెండో యజమానికీ మధ్యది. వారి మధ్య ఒప్పందం ఏదీ లేదు. అయినా మొదటి నాలుగేళ్లు అద్భుతంగా ఉండేలా రూపొందించాలా, పదిహేనేళ్లు సాధారణంగా ఉండేలా రూపొందించాలా అన్న నిర్ణయం రెండోవాడి జీవితంలోకి నేరుగా ప్రవేశిస్తుంది. నీతిశాస్త్రం భావితరాల పట్ల బాధ్యతను గురించి అడిగే ప్రశ్నే ఇక్కడ చిన్న రూపంలో ఎదురవుతుంది: ఇంకా ఎవరో తెలియని, ఎదుట లేని మనిషికి ఏమైనా రుణపడి ఉన్నామా? ఉన్నామన్నదే న్యాయమైన సమాధానం, ఎందుకంటే కారు పేరుప్రతిష్ఠలు ఆ రెండోవాడి చూపును కూడా ఆకర్షించేలా తయారీదారే పెంచాడు. ఆ ఆకర్షణ నుంచి లాభం పొందినవాడికి దాని పర్యవసానంతో సంబంధం లేదనడం చెల్లదు.

యాజమాన్యంలో జ్ఞానం పాత్రను గురించి అత్యంత సూక్ష్మంగా ఆలోచించిన ఆధునిక గ్రంథం కార్ల గురించినది కాదు. యువకుడిగా కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో ఒక చిన్న ఘట్టం ఈ మొత్తం పోలికకు బీజప్రాయం. కథకుని మిత్రుడికి బి.ఎం.డబ్ల్యు. మోటారుసైకిలు ఉంది, దాని హ్యాండిలు వదులై జారుతుంటే, ఖాళీ బీరు డబ్బా రేకును కత్తిరించి సందులో దూర్చితే సరిపోతుందని కథకుడు సూచిస్తాడు. ఆ అల్యూమినియం మెత్తనిది, తుప్పు పట్టనిది, పనికి సరిగ్గా తగినది. మిత్రుడు దాన్ని అవమానంగా తీసుకుంటాడు; జర్మన్ పనితనంతో తయారైన వాహనానికి పాత బీరు డబ్బా ముక్కా అని. అతనికి రేకు ఏమిటో కనిపించింది, కథకునికి రేకు ఏమి చేయగలదో కనిపించింది. జర్మన్ సెడాన్ యజమాని తరచుగా ఆ మిత్రుని స్థితిలోనే ఉంటాడు: వస్తువు పరిపూర్ణమన్న గౌరవమే దాన్ని తాకకుండా, తెలుసుకోకుండా అతణ్ణి దూరం పెడుతుంది. తాత్త్వికుడిగా శిక్షణ పొంది మోటారుసైకిళ్ల మరమ్మతు షెడ్డు నడిపిన మాథ్యూ క్రాఫర్డ్ 2009 నాటి తన గ్రంథంలో, ఇంజనులో ఆయిల్ మట్టం చూసుకునే డిప్‌స్టిక్ కొన్ని మెర్సిడెస్ కార్లలో మాయమైందని ఎత్తిచూపాడు. అది చిన్న ఇనుప కడ్డీయే. కానీ యజమాని తన కారు ఒంట్లో ఎలా ఉందో తన కంటితో చూసుకునే ఒకే ఒక్క కిటికీ అది; దాన్ని మూసి తెరమీద ఒక సందేశాన్ని ఉంచితే, చూసే పని నమ్మే పనిగా మారిపోతుంది.

ఈ ధోరణి సాఫ్ట్‌వేర్ కాలంలో మరింత ముదిరింది. 2022లో బి.ఎం.డబ్ల్యు. కొన్ని దేశాల్లో, కారులో అప్పటికే అమర్చి ఉన్న సీటు వేడిచేసే పరికరాన్ని వాడుకోవడానికి నెలవారీ చందా పెట్టి, విమర్శలు రావడంతో మరుసటి ఏడాది విరమించుకుంది. అదే ఏడాది మెర్సిడెస్ తన విద్యుత్ కార్లలో అదనపు వేగం కోసం ఏడాదికి 1,200 డాలర్ల చందాను ప్రకటించింది. ఈ విషయంలో అమెరికన్ సంస్థలు పవిత్రమైనవేమీ కావు. జనరల్ మోటార్స్ కూడా చేతులు వదిలి నడిపే సౌకర్యాన్ని చందా పద్ధతిలోనే అమ్ముతోంది. సొంత కారును తనకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు కోసం మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనూ, కారునుంచి వైర్‌లెస్‌గా వెళ్లే సమాచారాన్ని కూడా అందులో చేర్చాలంటూ 2020లోనూ ప్రజాభిప్రాయ సేకరణలో చట్టాలను ఆమోదించవలసి వచ్చింది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, ఇంద్రియాలను గుర్రాలుగా చెబుతూ ఆత్మను రథి అంటుంది, అంటే రథం ఎవరిదో అతడు. సారథి, పగ్గాలు, గుర్రాలు అన్నీ వేరొకరి అనుమతికి లోబడి ఉన్నప్పుడు రథి అన్న మాటకు అర్థం మిగలదు.

ఇంత చెప్పాక అమెరికన్ కారే ఎల్లప్పుడూ మెరుగన్న తీర్పు వెలువడుతుందనుకుంటే పొరపాటు. మ్యూనిక్‌లో నివసించే మనిషికి బ్లాక్‌వింగ్ అనాథ; దాని భాగాలు తెలిసిన మెకానిక్ ఆ ఊళ్లో అరుదు, ఎం5 అక్కడ ఇంటిబిడ్డ. జనరల్ మోటార్స్ 2017లో భారతదేశంలో కార్ల అమ్మకాలు మానేసింది, బెంజి కార్లు 1990ల నుంచీ పుణె దగ్గర తయారవుతున్నాయి. కనుక హైదరాబాదులో ఈ పోలికకు అర్థమే మారిపోతుంది, డల్లాస్‌లోనో డెట్రాయిట్ శివార్లలోనో ఉన్న తెలుగు కుటుంబానికి మాత్రం అది నిజమైన ఎంపిక. క్షేమం వస్తువు గుణం కాదు. వస్తువుకు, చోటుకు, కాపాడే మనిషికి నడుమ ఉండే సంబంధం. ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకుంటే, అమెరికాలో ఒక పెర్ఫార్మెన్స్ సెడాన్‌ను కొని పదేళ్లు ఉంచుకోదలచిన మనిషికి బ్లాక్‌వింగ్ ఇచ్చే విలువ స్పష్టంగా ఎక్కువ. మూడేళ్లు అనుభవించి వదిలేయదలచినవాడికి ఎం5 ఇచ్చే ఆనందం ఎక్కువ కావచ్చు, కానీ అతడు యాజమాన్యాన్ని గురించిన ప్రశ్ననే అడగడం లేదు. 2024లో వచ్చిన ఎం5 పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారునూ, పెద్ద బ్యాటరీనీ జోడించి 727 అశ్వశక్తిని, దాదాపు 2,400 కిలోల బరువును మోస్తోంది. పదిహేనేళ్ల తర్వాత ఆ రెండు వ్యవస్థల క్షేమాన్నీ ఒకేసారి చూసుకోవలసిన రెండో యజమాని గురించి ఇప్పటినుంచే ఆందోళన పడటం తప్పు కాదు.

శాస్త్రాలు ఈ విషయంలో మనిషిని సుఖంగా ఉండనివ్వవు. కఠోపనిషత్తే శ్రేయస్సును, ప్రేయస్సును, అంటే మేలైనదాన్నీ ఇష్టమైనదాన్నీ వేరుచేసి, మందబుద్ధి యోగక్షేమాల కోసమే ప్రేయస్సును ఎంచుకుంటాడని అంటుంది. గీత రెండో అధ్యాయం అర్జునుణ్ణి యోగక్షేమాల చింత లేనివాడివి కమ్మని అడుగుతుంది. తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు వహిస్తానన్నది, ఆ చింతను వదిలినవాడి యోగక్షేమాలనే. అంటే క్షేమాన్ని కూడా ఆసక్తిగా మార్చుకుంటే అది యోగం కన్నా గట్టి సంకెల కాగలదు. తన కారును ఎండకు, వానకు బయటికి తీయకుండా గ్యారేజీలో తుడుస్తూ కూర్చునే యజమాని అందుకు ఉదాహరణ. వదిలించుకోవలసినది చింతను, శ్రద్ధను కాదు. ఈ రెంటి తేడాను తెలుగువారి ఆచారమే ఒకటి చూపుతుంది. కొత్త కారు కొన్న రోజున గుడి ముందు నిలిపి చేయించే వాహనపూజ అమెరికాలోని తెలుగువారు కూడా వదలనిది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఆ పూజ యోగానికి చెందినది. ఏటా దసరాకు వచ్చే ఆయుధపూజ వేరు. ఆ రోజు కమ్మరి తన సుత్తినీ, దర్జీ తన కుట్టుమిషన్‌నూ, డ్రైవరు తన పాత లారీనీ కడిగి, తుప్పు గీకి, ఆయిల్ పెట్టి, వదులైన బోల్టు బిగించి, ఆ తర్వాతే పసుపుకుంకుమలు పెడతారు. ఆ పూజకు వచ్చే పనిముట్లలో చాలావరకు పాతవే.